పరీక్ష తేల్చినా తేలని భయం

హెచ్ఐవీ సోకిందేమోనన్న అనుమానంతో రక్తపరీక్ష చేయించుకుని, వైరస్ లేదని తేలాక కూడా ఆ కాగితాన్ని నమ్మలేక, నెల తిరక్కముందే ఇంకో ఊరి ల్యాబ్ మెట్లెక్కేవారు ఉన్నారు. "నీకేం లేదు, వెళ్లు" అన్న మాటతో ముగిసిపోవాల్సిన వ్యవహారం ఎందుకు ముగియడం లేదో తెలియాలంటే, హెచ్ఐవీ లక్షణాల జాబితా జనం నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. ఆ తరువాత, నెగటివ్ ఫలితానికి ఉన్న బలం ఎంతో లెక్కగట్టాలి. మొదటిది చరిత్రకు, రెండోది అంకగణితానికి సంబంధించినది. భయం మాత్రం వీటికి లొంగకుండా, మనిషి తన నడత గురించి తాను అనుకునే దాంట్లో వేళ్లు దన్నుకుని ఉంటుంది కాబట్టి చివరకు అక్కడికీ వెళ్లక తప్పదు.

నంద్యాల జిల్లాలోని సున్నిపెంట వంటి ఊళ్లో ఈ భయానికి దూరం కూడా తోడవుతుంది. 1963 జూలైలో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు పనుల కోసం, నల్లమల అడవి నడుమ ఇంజినీర్లకూ మేస్త్రీలకూ కూలీలకూ వేసిన కాలనీగా ఎదిగిన ఈ ఊళ్లో ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరు ఏ బస్సెక్కారో పక్క వరస క్వార్టర్లకు తెలియకుండా ఉండడం కష్టం. పరీక్ష సంగతి ఎవరికీ తెలియకూడదనుకున్నవాడు దోర్నాల ఘాట్ దిగి, ఆత్మకూరు మీదుగా వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి నంద్యాలకో, మరికాస్త పోయి కర్నూలుకో చేరాలి. పులుల అభయారణ్యం కావడంతో దోర్నాల దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు కనుక, ఈ ప్రయాణం ఒక పగలంతా తినేస్తుంది. ఆ పగలు ఎటు పోయిందో ఇంట్లో చెప్పుకోవడానికి ఒక అబద్ధం కావాలి. కర్నూలు–కడప రహదారి మీద ఉన్న ఆళ్లగడ్డ మనిషికి బస్సులకు కొదవలేదు గానీ, నంద్యాల ఆసుపత్రి వరండాలో తెలిసిన ముఖం ఎదురవుతుందన్న బెదురు ఆయనకూ ఉంటుంది. ఇంత గుట్టుగా, ఇంత ఖర్చుతో తెచ్చుకున్న ఫలితం మీద మళ్లీ అనుమానం పుట్టినప్పుడు, రెండో ప్రయాణానికి రెండో అబద్ధం వెతుక్కోవాలి. రహస్యం బరువెక్కే కొద్దీ అందులో దాగిన విషయం కూడా ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించడం సహజం.

ఒక నెలకు మించిన జ్వరం, నెలకు మించిన విరేచనాలు, శరీర బరువులో పదో వంతు తరిగిపోవడం అన్న మూడు లక్షణాలను గత తరం తెలుగువారు ఆసుపత్రి గోడల మీద, పాఠ్యపుస్తకాల్లో, రేడియో ప్రసంగాల్లో అనేకసార్లు చదివారు, విన్నారు. ఈ జాబితాకు మూలం 1985 అక్టోబరులో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బాంగీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో కూర్చిన ఒక నిర్వచనం. అప్పటికి వైరస్‌ను ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కనిపెట్టి రెండేళ్లయింది. అమెరికాలో తొలి రక్తపరీక్షకు అనుమతి లభించి ఆరేడు నెలలే అయింది. ఆఫ్రికా ఆసుపత్రుల్లో చాలావాటికి ఆ పరీక్ష అందే మార్గమే లేదు. పరీక్ష చేసే వీలులేనిచోట ఎయిడ్స్ కేసులను కనీసం లెక్కపెట్టడానికైనా ఒక కొలత ఉండాలన్నదే బాంగీ నిర్వచనం ఉద్దేశం. అది జబ్బు బాగా ముదిరి, రోగనిరోధక శక్తి అడుగంటిన దశను గుర్తించే కొలత తప్ప, కొత్తగా వైరస్ సోకినవారిని పట్టుకునేది కాదు. ఒక్కొక్క మనిషికి రోగనిర్ధారణ చేసేది అంతకన్నా కాదు. పరీక్షకు బదులుగా పుట్టిన ఆ జాబితానే, పరీక్ష ప్రతి పెద్ద ప్రభుత్వాసుపత్రిలోనూ ఉచితంగా దొరుకుతున్న కాలంలో, పరీక్ష ఫలితాన్ని కాదనడానికి సాక్ష్యంగా వాడుకోవడం ఈ భయంలోని అసలు వైపరీత్యం.

ఆంధ్రప్రదేశ్‌లో భయానికి స్థానిక చరిత్ర కూడా ఉంది. 1986లో మద్రాసులో దేశంలోని తొలి హెచ్ఐవీ కేసులను డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి బయటపెట్టిన తరువాత పదిహేనేళ్లు తిరిగేసరికి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అత్యధిక వ్యాప్తి రాష్ట్రాల సరసన చేరింది. 2000ల తొలి సంవత్సరాల్లో రోడ్ల పక్కన హోర్డింగుల మీద వెలసిన "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న ఆ తరానికి ఇప్పటికీ నోటిమీద ఉంది, 2002 చివర్లో ముంబైలో బల్బీర్ పాషా పేరుతో నడిచిన ప్రచారానికి ఇది తెలుగు రూపం. ప్రచారంగా అది పెద్ద విజయమే, ఎందుకంటే అంతవరకు ఎవరూ పైకి ఎత్తని మాటను టీకొట్టు దగ్గరి సంభాషణలోకి తెచ్చింది. అయితే ఆ ప్రశ్న ప్రమాదం గురించి అడిగినంత గట్టిగా పరీక్ష గురించి అడగలేదన్నది గమనించదగ్గది. పులిరాజాకి వస్తుందా రాదా అని ఊరంతా చర్చించింది గానీ, పులిరాజా పరీక్ష చేయించుకుని లేదని తేలితే ఆ తరువాత ఏం చేయాలన్నది ఏ హోర్డింగూ చెప్పలేదు.

అంకెల విషయంలోనూ భయం వాస్తవాన్ని దాటిపోయిన సందర్భం తెలుగునేల మీదే ఉంది. అప్పట్లో వ్యాప్తిని గర్భిణుల క్లినిక్కులు, సుఖవ్యాధుల క్లినిక్కుల నుంచి తీసిన నమూనాల ఆధారంగా అంచనా వేసేవారు. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా బృందం 2004–05లో గుంటూరు జిల్లాలో ఇళ్లకు వెళ్లి, సాధారణ జనం నుంచి రక్త నమూనాలు సేకరించి చూస్తే, పాత పద్ధతిలో వేసిన అంచనా అసలుకన్నా సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా ఉందని 2006లో వెల్లడైంది. 2007లో దేశం మొత్తం అంచనా కూడా 50 లక్షల పైచిలుకు నుంచి దాదాపు సగానికి దిగింది. 2021 నాటి జాతీయ అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్ఐవీ వ్యాప్తి దేశంలో 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. దేశ సగటుకు మూడు రెట్లున్న ఈ అంకెను తేలిగ్గా తీసుకోవలసిన పని లేదు. అయితే వెయ్యి మందిలో ఏడుగురి లోపు అన్న సంగతిని మరుగుపరచవలసిన పనీ లేదు.

ఇక లక్షణాల దగ్గరికి వస్తే, వైరస్ కొత్తగా సోకినవారిలో కొందరికి రెండు నుంచి నాలుగు వారాల మధ్య జ్వరం, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, చర్మం మీద దద్దుర్లు, మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్లలు కట్టడం కనిపించి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తమంతట తామే తగ్గిపోతాయి. దీన్ని తీవ్ర తొలిదశ అంటారు. ఇందులో ఒక్క లక్షణం కూడా హెచ్ఐవీకి మాత్రమే సొంతమైనది కాదు. వానలు మొదలైన నాటి నుంచి రాయలసీమ ఊళ్లలో తిరిగే వైరల్ జ్వరాలు, డెంగీ, గొంతు ఇన్ఫెక్షన్లు అన్నీ ఇదే రూపంలో వస్తాయి. పైగా వైరస్ సోకినవారిలో చెప్పుకోదగ్గ సంఖ్యలో మనుషులకు ఈ దశలో ఏ లక్షణమూ ఉండదు. లక్షణం ఉన్నంతమాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు, లేనంతమాత్రాన లేనట్టూ కాదు అన్నప్పుడు, లక్షణాన్ని పట్టుకుని రోజూ అద్దం ముందు నిలబడడం వల్ల తేలేది ఏమీ లేదు.

అద్దం ముందు నిలబడడం వల్ల కొత్త లక్షణాలు పుట్టుకొస్తాయన్నది మాత్రం నిజం. ఆందోళనలో శరీరం అడ్రినలిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. దానివల్ల గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరెండిపోవడం, కడుపులో తిప్పడం, పలుచగా విరేచనం కావడం, రాత్రి నిద్రలో చెమట పట్టడం జరుగుతాయి. తిండి సయించకపోతే రెండు మూడు వారాల్లో బరువు తగ్గుతుంది. ఎండిన నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తుంది. మెడ దగ్గర చర్మం కింద చాలామందికి తాకితే తెలిసే చిన్న చిన్న బిళ్లలు ఉంటాయి. వాటిని రోజుకు ఇరవై సార్లు వేళ్లతో నొక్కి చూస్తే ఆ చోటు కమిలి నొప్పి పుడుతుంది, నొప్పి పుట్టింది కాబట్టి మళ్లీ నొక్కి చూడాలనిపిస్తుంది. చెమట, విరేచనాలు, బరువు తగ్గడం, నాలుక తెల్లబడడం, బిళ్లల నొప్పి: జనం జబ్బు గుర్తులుగా చూసేవాటిలో చాలావాటిని భయం ఒక్కటే తెచ్చిపెట్టగలదు. ఇవి నటన కావు, ఊహా కావు. తూకపు యంత్రం కూడా ఒప్పుకునే మార్పులే. తప్పల్లా వాటికి చెప్పుకునే కారణంలో ఉంది.

ఈ భయం ఎక్కడెక్కడ పుట్టగలదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. శ్రీశైలం కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినప్పుడు కత్తి గీసుకుందని, సెలూన్లో బ్లేడు మార్చారో లేదో చూడలేదని, ఆర్ఎంపీ వేసిన సూది పాతదేమోనని, లాడ్జి దుప్పటి మీద మరక కనిపించిందని నెలల తరబడి నిద్ర మానుకున్నవారు ఉంటారు. శరీరం బయట హెచ్ఐవీ త్వరగా శక్తి కోల్పోతుంది. ఆరిన రక్తపు మరక, ముద్దు, దోమకాటు, ఒకే పళ్లెంలో భోజనం దాన్ని మోసుకురావు. మంగలి బ్లేడు మార్చాలన్న నియమం చాలా మంచిది, అయితే దాని అసలు ప్రయోజనం బయట కనీసం ఏడు రోజులు బతకగల హెపటైటిస్–బి వంటి వైరస్‌ల విషయంలో ఎక్కువ. నిజమైన ప్రమాదం ఉన్న పనుల్లో కూడా అవకాశం ఎంతో చెప్పే లెక్కలు ఉన్నాయి. మందులు వాడని, వైరస్ ఉన్న భాగస్వామితో కండోమ్ లేకుండా ఒకసారి యోని సంభోగం జరిగితే స్త్రీకి సోకే అవకాశం 10,000లో సుమారు 8, పురుషుడికి సుమారు 4 అని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. సూదులు పంచుకుని మత్తుమందు ఎక్కించుకుంటే అది 63, వైరస్ ఉన్న రక్తం ఎక్కించుకుంటే 9,250. ఇతర సుఖవ్యాధులు ఉంటే అవకాశం పెరుగుతుంది కనుక ఈ అంకెలు ధైర్యానికి హామీపత్రాలు కావు. అయినా ఒక్కసారి జరిగిన సంఘటనకు, సోకే ఉంటుందన్న నిశ్చయానికి మధ్య ఎంత దూరం ఉందో ఇవి చూపిస్తాయి.

ఫలితాన్ని నమ్మాలంటే పరీక్ష పనితీరు తెలియాలి. ప్రభుత్వాసుపత్రుల సమీకృత కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో, అంటే జనం ఐసీటీసీ అని పిలిచే గదిలో, ముందుగా కౌన్సెలర్ మాట్లాడి, సమ్మతి తీసుకుని, ఆపైన రక్తం తీయిస్తారు. త్వరిత పరీక్షకు వాడే కిట్లలో ఒక రకం అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ కార్డు. దాని ఒక చివర ఉన్న గుంటలో రక్తం నుంచి వేరు చేసిన ద్రవాన్నో, వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కనో వేసి, పైన రెండు మూడు చుక్కల ద్రావణం పోస్తారు. ఆ తడి లోపలి తెల్లని పట్టీ వెంట మెల్లగా పాకుతుంది. పట్టీ మీద ఒకచోట వైరస్‌కు చెందిన ప్రోటీన్లను గీతలా పూసి ఉంచుతారు. వైరస్ సోకిన శరీరం దాన్ని ఎదుర్కోవడానికి యాంటీబాడీలు అనే రక్షక ప్రోటీన్లను తయారు చేస్తుంది. అవి రక్తంలో ఉంటే ఆ గీత దగ్గర అంటుకుని, రంగు కణాలను కూడా పట్టుకుంటాయి, గీత కళ్లకు కనబడుతుంది. దానికి అవతల ఉండే మరో గీతను కంట్రోల్ గీత అంటారు. మనిషికి జబ్బు ఉన్నా లేకున్నా అది రావాల్సిందే. అది వస్తేనే కిట్టు సరిగా పనిచేసినట్టు, రాకపోతే ఆ కార్డు పారేసి కొత్త కార్డుతో పరీక్ష మళ్లీ చేయాలి. కంట్రోల్ గీత ఒక్కటే కనిపించిన కార్డు పనిచేయని కార్డు కాదు, పనిచేసి లేదని చెప్పిన కార్డు. కిట్టు మీద రాసిన సమయానికి, సాధారణంగా 15–20 నిమిషాలకు, ఫలితాన్ని చదివేయాలి; గంటల తరువాత ఆరిపోయిన పట్టీ మీద లీలగా కనిపించే చారకు అర్థం లేదు. ఫోన్లో తీసుకున్న కార్డు ఫొటోను రాత్రిళ్లు పెద్దదిగా చేసి చూసుకుంటూ, ఉందా లేదా అన్నట్టున్న రెండో గీతను వెతికేవారికి తెలియవలసిన మొదటి విషయం ఇదే.

యాంటీబాడీలు తయారు కావడానికి సమయం పడుతుంది. వైరస్ సోకిన రోజుకూ, పరీక్షకు చిక్కే రోజుకూ మధ్య ఉండే ఈ ఎడాన్ని విండో పీరియడ్ అంటారు. యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలకు ఇది 23 నుంచి 90 రోజులు. యాంటీబాడీలతో పాటు వైరస్ లోపలి భాగమైన పి–24 అనే ప్రోటీన్‌ను కూడా పట్టే, నాలుగో తరం అని పిలిచే ల్యాబ్ పరీక్షకు 18 నుంచి 45 రోజులు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్షకు 10 నుంచి 33 రోజులు. అనుమానించిన సంఘటన జరిగి మూడు నెలలు నిండాక, మధ్యలో మరో ప్రమాదం లేకుండా, ఏ పద్ధతిలో చేసిన పరీక్ష నెగటివ్ వచ్చినా ఆ సంఘటన వరకు అది తుది మాటే. మరి ఆరు నెలలు, ఏడాది అన్న మాటలు ఎక్కడివి? 1980ల నాటి తొలితరం కిట్లు యాంటీబాడీలను ఆలస్యంగా పట్టేవి కనుక అప్పటి జాగ్రత్త అంత గడువు కోరింది. కిట్లు తరాలు మారినా ఊళ్లో మాట మాత్రం మారలేదు. సోకకుండా ముందుగానో, సంఘటన జరిగిన వెంటనో మందులు వాడినవారి విషయంలోను, ఇతర కారణాల వల్ల రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారి విషయంలోను గడువు వేరుగా ఉండవచ్చు. అది వైద్యుడు తేల్చవలసిన సంగతి.

ఇప్పుడు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రాల ప్రకారం మొదట వాడే కిట్టు, వైరస్ ఉన్నవారిలో కనీసం 99 శాతాన్ని పట్టుకోవాలి, లేనివారిలో కనీసం 98 శాతానికి లేదని చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ వ్యాప్తి రేటునే తీసుకుని 10,000 మంది వయోజనులకు ఇలాంటి కనీస స్థాయి కిట్టుతో, విండో పీరియడ్ దాటాక పరీక్ష చేశారనుకుందాం. వారిలో 67 మందికి వైరస్ ఉంటుంది. 66 మంది దొరుకుతారు, జారిపోయేది మహా అయితే ఒక్కరు. మిగిలిన 9,933 మందిలో 9,734 మందికి లేదని సరిగా వస్తుంది, 199 మందికి లేకపోయినా ఉందన్నట్టు గీత వస్తుంది. అంటే ఉందని సూచన వచ్చిన 265 మందిలో నిజంగా ఉన్నది నలుగురిలో ఒక్కరికే. లేదని వచ్చిన 9,735 మందిలో తప్పు ఒక్కరి విషయంలోనే. వాడుకలో ఉన్న మంచి కిట్లు ఈ కనీస స్థాయి కంటే బాగానే పనిచేస్తాయి గానీ లెక్క తీరు మారదు. ఈ కారణం చేతనే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే న్యాకో, మొదటి కిట్టులో గీత వచ్చినవారి రక్తాన్ని వేరు వేరు పద్ధతుల్లో పనిచేసే మరో రెండు కిట్లతో పరీక్షించి, మూడూ ఏకమైతేనే పాజిటివ్ అని రాయమంటుంది. మొదటి కిట్టులోనే గీత రాకపోతే నెగటివ్ అని ఇచ్చి పంపమంటుంది. వ్యవస్థ పాజిటివ్‌ను మూడుసార్లు అనుమానించి, నెగటివ్‌ను ఒక్కసారికే నమ్ముతుంది. భయపడినవాడు సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తాడు: నెగటివ్‌ను ఎన్నిసార్లు వచ్చినా అనుమానిస్తాడు, పాజిటివ్ ఒక్కసారి వస్తే చాలు నమ్మేయడానికి సిద్ధంగా ఉంటాడు. ఒక్క కిట్టుతోనే నెగటివ్ అని రాసేశారు, మూడూ చేయలేదు అన్న ఫిర్యాదు అజ్ఞానం వల్ల పుట్టేదే తప్ప ఆసుపత్రి నిర్లక్ష్యానికి రుజువు కాదు.

లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా మనసు ఒప్పుకోకపోవడం లెక్క రాక కాదు. జబ్బు ఉందేమోనన్న ఆలోచన నెలల తరబడి వదలకుండా, పరీక్షలు లేదని చెప్పినా ఊరట నిలవకుండా ఉండే స్థితిని 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో అనారోగ్య ఆందోళన రుగ్మతగా వర్గీకరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వర్గీకరణ దీన్ని, చేతులు పదే పదే కడుక్కునే చాదస్తం వంటి రుగ్మతల కుటుంబంలో చేర్చింది. ఈ బంధుత్వం చాలా విషయాలను వివరిస్తుంది. హిల్లరీ వార్విక్, పాల్ సాల్కోవ్‌స్కిస్ అనే బ్రిటిష్ పరిశోధకులు 1986లోనే చూపినట్టు, భరోసా కోరడం కూడా చేతులు కడగడం లాంటి పనే: నెగటివ్ రిపోర్టు చూసిన క్షణాన ఆందోళన జారిపోతుంది, ఆ హాయి వల్లే మనసు అదే మందును మళ్లీ అడగడం నేర్చుకుంటుంది. మొదటి రిపోర్టు ఇచ్చిన ఊరట కొన్ని వారాలు నిలిస్తే, ఆ తరువాతివి ఇచ్చేది నానాటికీ తరుగుతుంది, చివరకు ల్యాబ్ గుమ్మం దిగేలోపే "నమూనా మారిపోయి ఉంటే?" అన్న ప్రశ్న మొలుస్తుంది. అనుమానం పెనుభూతం అన్న పాత మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఆ భూతానికి తిండి పెట్టేది చాలా సందర్భాల్లో తప్పు చేశానన్న బాధ. భయం తీవ్రత ప్రమాదం తీవ్రతను బట్టి ఉండదు. పెళ్లి కుదిరిందా, భార్య కడుపుతో ఉందా, దీక్ష మాలలో ఉండగా జరిగిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కండోమ్ వాడినా, సంభోగమే జరగకపోయినా, చేయకూడని పని చేశానన్న తలంపు ఒక్కటి చాలు. రక్తంలో వైరస్ ఉందా లేదా అన్నంతవరకే పరీక్ష చెప్పగలదు. చేసినదానికి శిక్ష పడుతుందా లేదా అన్నది దాని పరిధిలోని ప్రశ్న కాదు. జబ్బును శిక్షగా చూసే అలవాటు మనలో బలంగా ఉన్నందువల్ల, శిక్ష తప్పిందని నమ్మడం కొందరికి శిక్ష పడిందని నమ్మడం కన్నా కష్టంగా ఉంటుంది. ఈ సంగతి ఎరిగిన కౌన్సెలర్ ఆరో పరీక్ష రాయడానికి ముందు, ఆ రోజు ఏం జరిగిందో, ఆ తరువాత ఇంట్లో ఎలా ఉంటున్నాడో అడుగుతారు. గర్భిణికి చేసే పరీక్ష తప్ప మరే సందర్భంలోనూ హెచ్ఐవీ ప్రశ్న ఎదుర్కోని స్త్రీలలో ఈ భయం వేరే రూపం తీసుకుంటుంది: అనుమానం తన నడత మీద కాక భర్త నడత మీద, అదీ పైకి అనలేని అనుమానం.

ఈ బలహీనత మీద బతికే వ్యాపారం ఒకటుంది. బస్టాండు మూత్రశాలల గోడల మీద గుప్తరోగాలు, సుఖవ్యాధులు, నరాల బలహీనత అని ఒకే కాగితంలో కలిపి అంటించే ప్రకటనలు 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం కింద నేరమే అయినా ఊడదీసేవారు తక్కువ. కొత్త కాలంలో ఆ స్థానంలోకి పరీక్షల ప్యాకేజీలు వచ్చాయి. సీడీ–4 అంటే రోగనిరోధక శక్తికి ఆయువుపట్టైన ఒక రకం తెల్లకణాల లెక్క; పాజిటివ్ అని తేలినవారి స్థితిని తెలుసుకోవడానికి అది పనికొస్తుంది గానీ వైరస్ ఉందో లేదో చెప్పదు. క్షయలోనూ, ఇతర ఇన్ఫెక్షన్లలోనూ ఆ అంకె తగ్గుతుంది. నెగటివ్ వచ్చినవాడు ధైర్యం కోసం సీడీ–4 చేయించుకుని, కాస్త తక్కువ వస్తే ఉన్న భయానికి ఒక అంకె అతికించుకుని ఇంటికి వెళతాడు. డబ్బు పోవడం ఇందులో చిన్న నష్టం.

గోప్యత విషయంలో చట్టం గట్టిగానే ఉంది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలుచేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని అనుమతి లేకుండా ఇతరులకు చెప్పకూడదు, పరీక్షకు ముందూ తరువాతా కౌన్సెలింగ్ ఇవ్వాలి. చిన్న ఊళ్లలో చట్టం కన్నా వరండాలో కూర్చున్న పరిచయస్థుడి చూపుకే జనం ఎక్కువ భయపడతారన్నది వేరే మాట.

వైరస్ ఉన్నవారి జీవితం ఎలా మారిందో తెలియకపోవడం కూడా ఈ భయాన్ని పాతికేళ్ల కిందటి రూపంలోనే నిలిపి ఉంచుతోంది. 2004 ఏప్రిల్ 1న అధిక వ్యాప్తి రాష్ట్రాల్లో మొదలైన ఉచిత ఏఆర్టీ, అంటే వైరస్ పెరగకుండా ఆపే మందుల చికిత్స, 2017 నుంచి సీడీ–4 అంకెతో నిమిత్తం లేకుండా పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ అందుతోంది. కర్నూలు పెద్దాసుపత్రిలోను, అనంతపురం వైపు బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రిలోను ఏళ్ల తరబడి మందులు వాడుతూ పొలాలు చేసుకుంటూ, పిల్లల పెళ్లిళ్లు చేస్తూ ఉన్నవారు రాయలసీమలో వేలల్లో ఉన్నారు. మందులు సక్రమంగా వాడి రక్తంలో వైరస్ కొలతకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా భాగస్వామికి సోకదని ఐరోపాలో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనాలు తేల్చాయి. 2019లో వెలువడిన రెండో విడత ఫలితాల్లో అలాంటి భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. లేని జబ్బుకు భయపడి ఉద్యోగం మానేసి, గదిలో పడుకున్న మనిషి జీవితం, ఉన్న జబ్బుతో మందులు వాడుతున్న మనిషి జీవితం కన్నా అధ్వానంగా ఉండడం ఇప్పుడు అరుదేమీ కాదు.

ఈ ఆందోళనకు చికిత్స ఉంది, అది పనిచేస్తుంది. ఆలోచనల తీరును, వాటి వెంట వచ్చే పనులను కలిపి మార్చే మాటల చికిత్సను కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. పీటర్ టైరర్ బృందం ఇంగ్లండ్‌లో సాధారణ ఆసుపత్రులకు వచ్చే 444 మంది మీద దీన్ని పరీక్షించి, కొద్దిపాటి శిక్షణ పొందిన సిబ్బంది ఇచ్చినా ఆరోగ్య ఆందోళన మామూలు వైద్యంతో పోలిస్తే గణనీయంగా తగ్గిందని, ఆ మేలు రెండేళ్ల తరువాతా నిలిచిందని 2014లో ప్రచురించింది. అవసరాన్ని బట్టి మనోవైద్యులు ఆందోళన తగ్గించే మందులూ ఇస్తారు. ఆచరణలో మొదటి మెట్టు చాలా మామూలుగా ఉంటుంది: గడువు దాటాక ఒక తేదీ, ఒక కేంద్రం ముందే నిర్ణయించుకుని పరీక్ష చేయించుకోవడం, ఆపైన కొత్త ప్రమాదం జరిగితే తప్ప మరో పరీక్ష లేదని కౌన్సెలర్‌తో కలిసి రాసుకోవడం, బిళ్లలు నొక్కి చూడడం, బరువు చూసుకోవడం, ఫోన్లో లక్షణాలు వెతకడం మానేయడం. తొలి రోజుల్లో ఆందోళన పెరుగుతుంది. పరీక్షతో దాన్ని చల్లార్చకుండా ఓర్చుకోగలిగితే తనంతట తానే దిగుతుంది. ఇంట్లోవాళ్లు ఎగతాళి చేయకూడదు, అలాగని రోజుకు పదిసార్లు "నీకేం లేదు" అని చెబుతూ కూర్చోకూడదు. రెండోది ప్రేమతో చేసే పనే అయినా జబ్బుకు మేతే అవుతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో, న్యాకో హెల్ప్‌లైన్ 1097 నంబరులో ఉచితంగా అందుతాయి. సున్నిపెంట నుంచి ఫోను చేయడానికి దోర్నాల ఘాట్ దిగనక్కరలేదు, ఎవరికీ అబద్ధం చెప్పనక్కరలేదు.

నెగటివ్ ఫలితాన్ని నమ్మాలన్నప్పుడు దాని హద్దు కూడా చెప్పాలి, ఎందుకంటే అతిగా శంకించేవారి పక్కనే అతిగా నమ్మేవారూ ఉన్నారు. గర్భిణిగా ఉన్నప్పుడు భార్యకు చేసిన పరీక్షలో లేదని వచ్చింది కాబట్టి తనకూ లేదనుకునే భర్తలు ఉన్నారు. భార్య రిపోర్టు భర్తకు చెల్లదు, ఎందుకంటే ఒక్కో కలయికలో సోకే అవకాశం అంత తక్కువ కావడం వల్లనే ఒకరికి ఉండి రెండోవారికి ఏళ్ల తరబడి లేకపోవచ్చు. లారీ నడిపేవారు, వలస కూలికి వెళ్లేవారు, సెక్స్ వర్కర్లు, మత్తు సూదులు వాడేవారి వంటి ప్రమాదం కొనసాగే మనుషులకు ఒకసారి వచ్చిన నెగటివ్ జరిగినదానికి మాత్రమే వర్తిస్తుంది. వారు వైద్యుల సలహాపై కొన్ని నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి. నిజంగా ప్రమాదకరమైన సంఘటన జరిగితే 72 గంటల లోపల, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఆసుపత్రికి చేరి వైద్యుడి నిర్ణయంపై 28 రోజుల నివారణ మందులు మొదలుపెట్టాలి. ఆ మూడు రోజుల్లో శరీరంలో వెతకడానికి ఏ లక్షణమూ ఉండదు, గడిచాక ఆ మందులకు పనీ ఉండదు. దేశంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవారిలో సుమారు ఐదో వంతు మందికి తమకు వైరస్ ఉన్న సంగతి ఇంకా తెలియదన్నది జాతీయ అంచనా. వారిలో చాలామంది నంద్యాల బస్సెక్కవలసినవారే, ఇంతవరకు ఒక్క పరీక్షకైనా వెళ్లనివారు.